వరండాలో లాకు

సైన్సు ఫెయిర్లలో రవాణా నమూనాలు పెట్టిన బల్ల దగ్గర కాసేపు నిలబడి చూడండి. థర్మోకోల్ బుల్లెట్ రైలు ఉంటుంది. అట్టముక్కల మెట్రో స్టేషను ఉంటుంది. పక్కనే ఒక పాప చేతులు కట్టుకుని, ఆ రైలు గంటకు ఎన్ని కిలోమీటర్లు పోతుందో గడగడా అప్పజెబుతుంది. రైలు మాత్రం కదలదు. నెమ్మదిగా అడిగితే అది నాన్న చేసిందో, ఫ్యాన్సీ షాపులో కొన్నదో బయటపడుతుంది. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా చదివే పిల్లలకు రవాణా అంటే ఏమిటో చేతులతో నేర్పాలంటే, విజయవాడ చుట్టుపక్కల బడులకు నేను చెప్పేది ఒక్కటే: బుల్లెట్ రైలు పక్కన పెట్టండి, లాకు కట్టించండి.

లాకు, అంటే కాలువలో పడవను ఎక్కించి దించే తలుపుల గది, మన కళ్లముందే ఉన్నా మనం చూడటం మానేసిన యంత్రం. 1852లో మొదలై 1855లో పూర్తయిన కృష్ణా ఆనకట్ట వెనక ఆలోచన ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించింది కెప్టెన్ ఓర్. అక్కడి నుంచి బయల్దేరిన కాలువలు పొలాలకు నీళ్లివ్వడానికే కాదు, పడవలు నడవడానికి కూడా తవ్వినవి. రైళ్లకన్నా కాలువలే ఈ దేశానికి చవక అని కాటన్ చివరిదాకా వాదించాడు. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, తర్వాత లారీలొచ్చాయి, పడవలు పోయాయి. ఏలూరు కాలువ గట్టున గుణదల దగ్గర పడవల రేవు పేరు మిగిలింది. దుగ్గిరాల వైపు వెళితే ఇప్పటికీ లాకులే ఊరి గుర్తు. 2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా ఈ కాలువలనూ, కృష్ణా గోదావరులనూ కలిపి నాలుగో జాతీయ జలమార్గం అని ప్రకటించారు గనక, పాత సంగతి అని కొట్టిపారేయడానికి కూడా లేదు.

సమయం ఎక్కడిది అంటారా? ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల మధ్య పిల్లలకు పది రోజులు పుస్తకాల సంచి లేకుండా చేతిపనులకు కేటాయించాలని 2020 జాతీయ విద్యా విధానమే చెప్పింది. ఆ పది రోజుల్ని దీనికి వాడుకోవచ్చు. అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉన్న బడులకు డ్రిల్లు, గ్లూగన్ చేతికందుతాయి. లేని బడికి రేకుల షాపు, ఇంకో నలుగురు పెద్దవాళ్ల సాయం చాలు.

ముందు వాలు

మొదటి రోజు ఏమీ కట్టొద్దు. పిల్లల్ని ప్రకాశం బ్యారేజీకి తీసుకెళ్లండి. పాత ఆనకట్ట 1952లో తెగితే, దాని చోట 1957కల్లా ఈ బ్యారేజీ లేచింది. పొడవు 1223.5 మీటర్లు. చూడాల్సింది రెండే: గేట్లకు ఎగువన నీళ్లెంత ఎత్తులో ఉన్నాయి, దిగువన ఎంత లోతుకు పోయాయి. కాలువ గట్ల మీదికి పిల్లల్ని దింపొద్దు. రెయిలింగు ఉన్న వంతెన మీద నుంచే చూపించాలి, పది మందికి ఒక పెద్దమనిషి తోడుండాలి. మన కాలువలు పైకి నెమ్మదిగా కనిపిస్తాయి గానీ నిండుగా పారే రోజుల్లో ఈతొచ్చినవాణ్ని కూడా లాక్కుపోతాయి.

బడికి తిరిగొచ్చాక లెక్క వేయించండి. బ్యారేజీ దగ్గర పూర్తి నీటిమట్టం 57.05 అడుగులు, అంటే సముద్రం కన్నా దాదాపు 17 మీటర్లు పైన. అక్కడి నుంచి బందరు సుమారు 70 కిలోమీటర్లు. కిలోమీటరుకు పావు మీటరు వాలు. అదే వాలు పది మీటర్ల బడి వరండాకు పెడితే రెండున్నర మిల్లీమీటర్లు! పిల్లలు నమ్మరు. అప్పుడు తాపీమేస్త్రి వాడే లెవెల్ పైపు తెప్పించండి. నీళ్లు నింపిన పారదర్శకమైన ప్లాస్టిక్ పైపు, వరండా పొడవుకన్నా కాస్త ఎక్కువ. రెండు కొసలూ పైకి పట్టుకుంటే రెండు చోట్లా నీళ్లు ఒకే మట్టానికి వస్తాయి. వరండా ఈ చివరా ఆ చివరా నేల నుంచి ఆ నీటిగీత దాకా స్కేలుతో కొలిస్తే, తేడాయే వాలు. మధ్యలో గాలి బుడగ చిక్కుకుంటే కొలత తప్పుతుంది. ఆ బుడగను వేలితో తడుతూ బయటికి పంపడం పిల్లలకు మహా సరదా. చాలా వరండాల వాలు డెల్టా వాలుకన్నా ఎక్కువని తేలుతుంది, ఎందుకంటే కడిగిన నీళ్లు పోవాలి గదా.

ఇంత తక్కువ వాలులో కూడా పారే నీటికి ఎదురుగా బరువు పడవను తాడు కట్టి లాగడం మనుషులకు కష్టం. అందుకని కాలువను ఇంకా చదునుగా తవ్వి, మిగిలిన దిగుడును అక్కడక్కడ ఒకేచోట దించేస్తారు. ఆ దిగుడు దగ్గర నీళ్లకు రెగ్యులేటరు, పడవకు లాకు. పడవకు ఆ లాకులే మెట్లు.

ఒకే అట్ట, అయిదు పడవలు

రెండు మూడు రోజులు పడవలకు ఇవ్వండి. ఒక షరతు: థర్మోకోల్ వాడకూడదు. అది ఎలా కోసినా తేలుతుంది, అందుకే దానివల్ల పిల్లలు ఏమీ నేర్చుకోరు. జట్టుకొక మందపాటి అట్ట, 30 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు. అంచులు నాలుగు వైపులా పైకి మడిచి, మూలలు అంటించి, పైనా లోపలా ప్యాకింగ్ టేపు చుట్టాలి. మడత ఎత్తు ఎంత పెట్టాలన్నది జట్టు ఇష్టం.

ఇక్కడే అసలు ఆట. అంచు 2 సెంటీమీటర్లు మడిస్తే పడవ లోపల 832 ఘన సెంటీమీటర్లు. 3 మడిస్తే 1008. 4 మడిస్తే 1056. 5 మడిస్తే మళ్లీ 1000కి దిగుతుంది, 6కి 864. ఈ పట్టిక పిల్లలే వేసుకోవాలి, మీరు చెప్పొద్దు. అట్ట అదే, పిల్లలూ అదే తరగతి వాళ్లే, పడవ మోసే బరువు మాత్రం మారిపోతోంది. నీళ్లలో పెట్టి కవర్లలో కట్టిన ఇసుక పొట్లాలు ఒక్కొక్కటే వేసి, అంచు నీటికి ఒక సెంటీమీటరు పైన ఉండగానే ఆపమనండి. 4 సెంటీమీటర్ల పడవలో మునిగే భాగం 3 సెంటీమీటర్లు, కాబట్టి పడవ బరువుతో కలిపి 792 గ్రాములు. తూచి చూస్తే కొద్ది తేడాతో అంతే వస్తుంది. ఆర్కిమెడిస్ పేరు ఆ తర్వాత చెప్పొచ్చు, తొందరేం లేదు.

ఇసుక అయ్యాక అదే పడవలో వడ్లు పోయించండి. వడ్లు అంచు దాకా నిండిపోయి కుప్పగా లేస్తాయి, పడవ మాత్రం ఇంకా మునగదు. దారిలో రోజూ చూసే దృశ్యం పిల్లలకు అప్పుడు అర్థమవుతుంది: ఇసుక లారీ సగం నిండకముందే బరువు మించిపోతుంది, వరిగడ్డి ట్రాక్టరు రోడ్డంతా కమ్ముకొచ్చినా ఇంజను మీద అంత భారం ఉండదు. బండిని నింపేది బరువా, చోటా అన్న ప్రశ్న లారీ ఓనర్లకు రోజూ ఎదురయ్యేదే.

2 సెంటీమీటర్లు మడిచిన జట్టుకు ఒక దెబ్బ కాచుకుని ఉంది, అది ముందే చెప్పొద్దు.

తొట్టి, తలుపులు

తొట్టి కొలతలు: పొడవు 180 సెంటీమీటర్లు, వెడల్పు 15, లోతు 20. రేకుల షాపులో జీఐ రేకుతో చేయిస్తే నీరు కారదు. ప్లైవుడ్‌తో చేస్తే లోపల బరకం పరిచి, కీళ్ల దగ్గర సిలికాన్ పూయాలి. నీళ్లు పోశాక నలభై కిలోల దాకా బరువుంటుంది, కాబట్టి ఊగే బెంచీ మీద పెట్టకండి, నేల మీదే మేలు. 60 సెంటీమీటర్లకొకటి చొప్పున రెండు చోట్ల, లోపలి గోడలకు అల్యూమినియం గాడి పట్టీలు అంటించాలి. కిటికీ షట్టర్లు బిగించే షాపుల్లో ఇవి దొరుకుతాయి. ఆ గాడుల్లో పైకీ కిందికీ జారే తలుపులు రెండు, నాలుగు మిల్లీమీటర్ల యాక్రిలిక్ షీటు. తొట్టి దిగువ కొసన 8 సెంటీమీటర్ల ఎత్తులో ఒక గండి కోసి, కింద బకెట్టు పెట్టండి. దీంతో దిగువ నీళ్లు ఎప్పుడూ 8 దగ్గరే ఉంటాయి. ఎగువన 18 దాకా నింపుతారు. మధ్యది లాకు గది.

తలుపు అంచులకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు అంటించాలి. ఏ వైపు? పిల్లలు నీళ్లున్న వైపు అంటిస్తారు, కారుతుంది. ఒకసారి కారనివ్వండి. ఎగువ నీళ్లు తలుపును దిగువకు నెడతాయి కాబట్టి రబ్బరు దిగువ వైపున ఉంటేనే గాడికి గట్టిగా ఒత్తుకుంటుంది. ఏ నీళ్లనైతే ఆపాలో ఆ నీళ్లే తలుపును బిగిస్తున్నాయి. కాలువల మీద అసలు లాకుల తలుపులు రెండు రెక్కలు. మూసినప్పుడు అవి తిన్నగా ఉండవు, ఎగువ వైపు మొన తేలి కలుస్తాయి. నీళ్లు ఎంత నెడితే రెక్కలు ఒకదాన్నొకటి అంత గట్టిగా నొక్కుకుంటాయి. తొట్టిలో అంత పని అక్కర్లేదు గానీ, రెండు అట్టలతో బల్ల మీద చూపిస్తే చాలు.

ఇప్పుడు ఎగువ తలుపు వెనక నీళ్లు నింపి, ఎవరినైనా తలుపు పైకెత్తమనండి.

"సార్, ఇరుక్కుపోయింది. గ్రీజు పెడదామా?"

"గ్రీజు కాదురా, అవతలి నీళ్లు చూడు."

లెక్క ఇది. ఎగువ 18, దిగువ 8. పద్దెనిమిది వర్గంలోంచి ఎనిమిది వర్గం తీసేసి సగం చేస్తే 130. దాన్ని వెడల్పు 15తో గుణిస్తే 1950 గ్రాములు. దాదాపు రెండు కిలోల నీళ్లు ఆ చిన్న తలుపును గాడికేసి నొక్కుతున్నాయి. స్ప్రింగు త్రాసు తలుపుకు తగిలించి లాగితే, రబ్బరు ఎంత పట్టేస్తోందో ముల్లు చూపిస్తుంది. రెండు వైపులా నీళ్లు సమానమయ్యాక మళ్లీ లాగితే తలుపు తన బరువుకు కాస్త అటూఇటుగా లేచొస్తుంది. అసలు లాకులో ఎగువన మీటరు లోతు నీళ్లుండి దిగువన ఏమీ లేకపోతే, మీటరు వెడల్పు తలుపు మీద అయిదు క్వింటాళ్ల నెట్టుడు ఉంటుంది. దాన్ని ఏ పహిల్వానూ తెరవలేడు, నీళ్లు సమం చేసుకుంటే మాత్రం ఒక్క మనిషే తెరిచేస్తాడు. ఈ పది రోజుల్లో పిల్లలకు ఒక్క సంగతే గుర్తుండాలంటే ఇది గుర్తుండాలి.

నీళ్లు సమం చేసేదెలా? అసలు లాకుకు తలుపుల్లోనో గోడలోనో చిన్న తూములుంటాయి. మన దగ్గర లెవెల్ పైపు ఉంది గదా, ఒక మీటరు ముక్క కోయండి. దాన్ని తొట్టిలో ముంచి పూర్తిగా నింపి, రెండు కొసలూ బొటనవేళ్లతో మూసి, తలుపు మీదుగా వంచి ఒక కొస ఎగువ నీళ్లలో, ఇంకో కొస లాకు గదిలో ముంచి వేళ్లు తీయాలి. నీళ్లు వాటంతటవే తలుపెక్కి దిగుతాయి. మట్టాలు సమానం కాగానే వాటంతటవే ఆగుతాయి. పైపును నోటితో పీల్చనివ్వకండి, అవి బకెట్టులో తిరిగొచ్చే మురికి నీళ్లు.

లస్కరు చెప్పందే తలుపు లేవదు

నడిపే రోజున పనులు పంచండి. మన కాలువల మీద నీళ్లు చూసుకునేవాళ్లు లస్కర్లు, కాబట్టి లాకుకొక లస్కరు కావాలి. ఆ అమ్మాయో అబ్బాయో చెప్పందే ఎవరూ తలుపు ముట్టుకోకూడదు. రెండు తలుపులూ ఒకేసారి తెరుచుకుంటే ఎగువ నీళ్లన్నీ ఒక్క ఊపున కిందికి పోతాయి. బకెట్టుతో ఎగువన నీళ్లు పోసే పిల్లవాడు నాగార్జునసాగర్. పక్కన ఇంకొకణ్ని నిలబెట్టి పట్టిసీమ అనండి, గోదావరి నీళ్లు వాడివి. ఈ పేర్లు పెడితే పిల్లలు నవ్వుతారు గానీ, ఇవాళ కృష్ణా డెల్టా నడిచే తీరు కూడా అదే.

దిగువ నుంచి పడవ వస్తుంది. దిగువ తలుపు తెరిచి లాకు గదిలోకి పంపుతారు. ఇక్కడ 2 సెంటీమీటర్లు మడిచిన జట్టు పడవ ఆగిపోతుంది. దాని వెడల్పు 16, గది 15! జట్టు మొహాలు మాడిపోతాయి. పడవ ఎంత పెద్దదో తేల్చేది వడ్రంగి కాదు, దారిలో ఉన్న అన్నిటికన్నా ఇరుకు లాకు. బెజవాడకు ఇది రైళ్లలోనూ తెలుసు: ఒకప్పుడు గుంతకల్లు నుంచి వచ్చిన లైను మీటర్ గేజి, సికింద్రాబాదు నుంచి వచ్చింది బ్రాడ్ గేజి. ఒక పట్టాల మీద బండి ఇంకో పట్టాలెక్కేది కాదు, సరుకు దించి ఎక్కించాల్సి వచ్చేది. ఆ జట్టుకు ఇంకో అట్ట ఇవ్వండి, ఈసారి వాళ్లే అందరికన్నా జాగ్రత్తగా కొలుస్తారు.

సరిపోయిన పడవ లోపలికొచ్చాక దిగువ తలుపు మూసి, పైపు పెట్టి, నీళ్లు పైకి రావడం చూడాలి. కొన్ని నిమిషాలు పడుతుంది. అందరూ వంగి చూస్తుంటారు, మాటలుండవు. పడవ 10 సెంటీమీటర్లు లేస్తుంది, ఎవరూ ఎత్తరు. ఎగువ తలుపు తేలిగ్గా లేస్తుంది, పడవ బయటికెళుతుంది.

ఈ ఒక్క ఎక్కుడుకు ఎన్ని నీళ్లు ఖర్చయ్యాయి? 60 ఇంటూ 15 ఇంటూ 10, తొమ్మిది లీటర్లు. సాగర్ పిల్లవాడి బకెట్టులో కొలత సరిపోతుంది. ఎనిమిదో తరగతి వాళ్లకు ఇంకో చిక్కు ప్రశ్న వేయండి: ఖాళీ పడవ ఎక్కినా, నిండు పడవ ఎక్కినా ఖర్చు ఒకటేనా? ఒకటే అనిపిస్తుంది. కాదు. పడవ ఎగువ తలుపు దాటి వెళ్లాక, అది ఖాళీ చేసిన చోటును నింపడానికి ఎగువ నుంచి ఇంకొన్ని నీళ్లు గదిలోకి వస్తాయి. ఆ నీళ్ల బరువు సరిగ్గా నిండు పడవ బరువు. దిగే పడవ అయితే అంతే నీరు ఎగువకు మిగిలిపోతుంది. దీన్ని కాగితం మీద గీసి ఒప్పించాలంటే కాస్త కష్టం. గీసిన పిల్లలు మాత్రం మళ్లీ మర్చిపోరు.

కాలువలో పడవలెందుకు ఆగిపోయాయన్న దానికి ఈ తొమ్మిది లీటర్లే ఒక జవాబు. ప్రతి పడవకూ ఒక లాకు నీళ్లు కావాలి. ఎండాకాలంలో కాలువలు కట్టేస్తే దారి మూతపడినట్టే. లారీకి అలాంటి సెలవుల్లేవు.

పడవను కట్టేయడం కూడా ఒక పాఠమే. ఒక పడవను తాడు లేకుండా ఎగువ గదిలో వదిలి, రెండు తలుపులూ ఒక్కసారే లేపండి. తొట్టి చివర ఏమవుతుందో చూస్తారు. 2024 సెప్టెంబరు మొదట్లో బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు, ఎగువ నుంచి కొట్టుకొచ్చిన బరువైన పడవలు గేట్లకు తగిలి కౌంటర్‌వెయిట్లు దెబ్బతిన్నాయి. గేట్లను తేలిగ్గా ఎత్తడానికి అవతలి వైపు వేలాడే ఆ బరువుల గురించి పిల్లలు అప్పుడే టీవీలో విన్నారు. గిలక, తాడు, ఇసుక పొట్లంతో మన తలుపుకూ ఒకటి తగిలిస్తే అరగంట పని.

లాగి చూడటం

తలుపులు తీసేస్తే తొట్టి 180 సెంటీమీటర్ల కాలువ అవుతుంది. పడవకు దారం కట్టి, దాన్ని తొట్టి అంచున దారపు రీలు మీదుగా వంచి, కొసన పేపరు కప్పు వేలాడదీయండి. కప్పులో రూపాయి బిళ్లలు ఒక్కొక్కటే వేయాలి. పక్కనే బల్ల మీద సీసా మూతల చక్రాల బండికి అదే బరువు ఎక్కించి అలాగే లాగించండి. తర్వాత చక్రాలు లేని చెక్కపలక. పలకకు కప్పు నిండిపోతుంది, బండికి గుప్పెడు బిళ్లలు పడతాయి, పడవ ఒకటి రెండింటికే కదులుతుంది. పిల్లలంతా పడవే గెలిచిందంటారు. అప్పుడు పడవను పరిగెత్తించమనండి. బిళ్లలు వేస్తున్నకొద్దీ నీళ్లు ముందు పోగై అడ్డుపడతాయి, వేగం రెట్టింపు కావాలంటే లాగే బలం దాదాపు నాలుగు రెట్లు కావాలి. బండికి అలా పెరగదు. బరువైతే పడవ, తొందరైతే చక్రం అన్న మాట పిల్లలే చెబుతారు, రైలు ఎందుకు నెగ్గిందో కూడా వాళ్లకే తోస్తుంది.

ఎవరో ఒకరు విమానం సంగతి ఎత్తుతారు. 2024 నవంబరులో పున్నమి ఘాటు నుంచి సీప్లేను శ్రీశైలం వెళ్లడం చూశాక ఈ ఊళ్లో ఆ ప్రశ్న తప్పదు. దానికి విడిగా పది రోజులు కావాలి.

ఆటోనగర్‌కు ఒక పూట చాలు. 1966లో మొదలైన ఈ పేటలో లారీ బాడీ కట్టే షెడ్డు ముందు నిలబడితే, పైన చెప్పినవన్నీ ఇనుములో కనిపిస్తాయి: బరువును చక్రాల మీదికి పంచే కమాను పట్టీలు, సరుకును బట్టి మారే బాడీ ఎత్తు. వెళ్లేముందు బళ్లో రెండు సిరంజీలు, ఒక పైపు ముక్కతో బ్రేకు చేయించండి. ఒకసారి గాలితో, ఒకసారి నీళ్లతో. నీళ్లయితే ఇటు నొక్కగానే అటు కదులుతుంది. గాలి ముందు నలుగుతుంది, తర్వాత కదులుతుంది. అయినా పెద్ద లారీలకు గాలి బ్రేకులే పెట్టారెందుకు అని మెకానిక్కును అడగమనండి. పైపు ఎక్కడైనా కాస్త కారినా కంప్రెసరు మళ్లీ నింపేస్తుందనీ, గాలి మొత్తం పోతే స్ప్రింగులే చక్రాన్ని పట్టేస్తాయనీ ఆయన తన మాటల్లో చెబుతాడు. టీచరు చెప్పినదానికన్నా అది ఎక్కువ గుర్తుంటుంది.

పరీక్ష పెట్టాలనుకుంటే ప్రశ్నపత్రం వద్దు. జట్టుకు అయిదు కిలోల వడ్లు ఇచ్చి ఎగువ గది నుంచి తొట్టి కింది కొసకు చేర్చమనండి. ఎన్ని విడతలు పట్టింది, ఎన్ని లీటర్లు ఖర్చయ్యాయి, ఎంతసేపయింది అన్న మూడు అంకెలూ నోటుబుక్కులో రాయాలి. విడతలు తగ్గించాలని మరీ కుప్పపోసిన జట్టు పడవ గదిలోనే ఒరిగితే వడ్లు తడుస్తాయి. మార్కులు పోవు గానీ ఆ వడ్లు వాళ్లే ఎండబెట్టాలి.

పని అయ్యాక తొట్టి వంచి నీళ్లు చెట్లకు పోయించి, బోర్లించి ఆరబెట్టండి. వరండాలో నీళ్లు నిలవుంచితే రెండు వారాలు తిరక్కుండా దోమలు పుడతాయి. గాడి పట్టీలు, తలుపులు, పైపు ఒక సంచిలో కట్టి, కొలతల పట్టిక పైన అంటించి బీరువాలో పెడితే వచ్చే ఏడాది ఏడో తరగతికి రేకు ఖర్చు కూడా మిగులుతుంది. పడవలు మాత్రం దాచకండి, వాటిని మళ్లీ మొదటి నుంచి చేసుకోవాల్సింది వాళ్లే.